క్వాంటం కంప్యూటర్ల విషయంలో ఏది ప్రచారం, ఏది నమ్మదగినది?

హైదరాబాదులో పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్న మీరు, అమరావతి క్వాంటం వ్యాలీ గురించి పత్రికల్లో వస్తున్న కథనాలు చదివి మూడు సంగతులు అడిగారు. ఐదేళ్లలో క్వాంటం కంప్యూటర్లు ఇప్పటి కంప్యూటర్లను పక్కకు నెట్టేస్తాయా? బ్యాంకుల ఎన్‌క్రిప్షన్ బద్దలవుతుందా? ఉన్న ఉద్యోగం వదిలేసి ఈ రంగంలోకి రావడం మంచిదా?

సూటిగా చెబుతాను. ఇప్పటి కంప్యూటర్ల స్థానంలోకి క్వాంటం కంప్యూటర్ ఐదేళ్లలో రాదు, ఆ తర్వాత కూడా రాదు. అది వాటి పని చేయడానికి ఉద్దేశించిన యంత్రమే కాదు. ఎన్‌క్రిప్షన్ ఐదేళ్లలో బద్దలయ్యే అవకాశం తక్కువ, కానీ దానికి తగిన మార్పులు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. ఉద్యోగం వదలవద్దు. నేను చాలా ఏళ్లుగా క్వాంటం సర్క్యూట్ల కంపైలర్ల మీద, దోష సవరణ (యంత్రం చేసే తప్పులను సరిదిద్దే పద్ధతులు) మీద పనిచేస్తున్నాను. "మా సమస్యకు క్వాంటం పనికొస్తుందా" అని అడిగిన కొన్ని సంస్థలకు సలహా కూడా ఇచ్చాను. కింద రాసేది ఆ అనుభవం నుంచే.

ముందుగా, అన్నిటికంటే ఎక్కువ అపోహ కలిగించే మాట ఒకటి ఉంది. "క్వాంటం కంప్యూటర్ అన్ని సమాధానాలనూ ఒకేసారి ప్రయత్నిస్తుంది" అని దాదాపు ప్రతి కథనంలోనూ రాస్తారు. మామూలు కంప్యూటర్‌లో బిట్ ఉన్నట్లే క్వాంటం కంప్యూటర్‌లో క్యూబిట్ ఉంటుంది; అది 0, 1 రెండూ కలగలిసిన స్థితిలో (దీన్నే సూపర్‌పొజిషన్ అంటారు) ఉండగలదు. 300 క్యూబిట్ల స్థితిని పూర్తిగా వర్ణించాలంటే విశ్వంలో కనిపించే పరమాణువుల సంఖ్యను మించిన సంఖ్యలు కావాలన్నది నిజమే. కానీ కొలిచిన క్షణంలో మీ చేతికి వచ్చేది 300 బిట్లు మాత్రమే; ఈ పరిమితిని హోలెవో అనే గణితవేత్త 1973లోనే నిరూపించాడు. ఊరికే సూపర్‌పొజిషన్‌లో పెట్టి కొలిస్తే వచ్చేది యాదృచ్ఛికమైన ఒక జవాబు, దానికి ఏ విలువా లేదు. తప్పు జవాబుల వైపు వెళ్లే తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకునేటట్లు, సరైన జవాబు వైపు వెళ్లేవి ఒకదానికొకటి బలమిచ్చుకునేటట్లు లెక్కను అమర్చడమే అల్గారిథం చేయవలసిన అసలు పని. అలా అమర్చడానికి వీలైన గణిత నిర్మాణం సమస్యలోనే ఉండాలి. పీటర్ షోర్ 1994లో పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పద్ధతిని కనిపెట్టగలిగాడంటే, ఆ సమస్య అడుగున ఒక ఆవర్తన క్రమం దాగి ఉండటమే కారణం. అటువంటి నిర్మాణం ఉన్న సమస్యలు ముప్పై ఏళ్ల అన్వేషణ తర్వాత కూడా కొన్నే దొరికాయి. మీ కంపెనీలో నడిచే డేటాబేస్, వెబ్ సర్వీసు, పేరోల్ సాఫ్ట్‌వేర్ ఏవీ ఆ జాబితాలోకి రావు.

"అయితే గ్రోవర్ అల్గారిథం సంగతేమిటి, అది ఏ వెతుకులాటనైనా వేగవంతం చేస్తుందిగా" అని మీకు సందేహం రావచ్చు. 1996లో వచ్చిన ఆ అల్గారిథం నిజంగానే సర్వసాధారణమైనది, కానీ అది ఇచ్చే లాభం వర్గమూలం మేరకే. కాగితం మీద ఒక లెక్క వేసి చూద్దాం. లక్ష కోట్ల అవకాశాల్లో ఒకదాన్ని వెతకాలనుకోండి. గ్రోవర్ పద్ధతికి దాదాపు 8 లక్షల అడుగులు సరిపోతాయి. ఒక్కో అడుగులో "ఇది సరైన జవాబా" అని పరీక్షించడానికి వరుసగా వెయ్యి లాజికల్ గేట్లు (క్యూబిట్లపై చేసే ప్రాథమిక చర్యలు) కావాలని, దోష సవరణతో నడిచే ఒక్కో గేటుకు 10 మైక్రోసెకన్లు పడుతుందని ఉదారంగానే అనుకుందాం. అడుగుకు 10 మిల్లీసెకన్లు, మొత్తం 8,000 సెకన్లు, అంటే రెండు గంటల పైచిలుకు. అదే పనిని సెకనుకు పది కోట్ల పరీక్షలు చేయగల మామూలు ప్రాసెసర్ కోర్లు వెయ్యి కలిసి 10 సెకన్లలో ముగిస్తాయి. సమస్యను ఇంకా పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట క్వాంటం ముందుకు వస్తుంది, కానీ అప్పటికి దానికి కూడా పట్టే కాలం చాలా పెద్దదై ఉంటుంది. వర్గమూలం లాభం మీద ఆధారపడిన ఏ వ్యాపార ప్రతిపాదననైనా నేను ఈ లెక్కతోనే మొదలుపెడతాను. చాలా ప్రతిపాదనలు ఇక్కడే ఆగిపోతాయి.

ఇక యంత్రాల సంగతికి వద్దాం. వార్తలన్నీ క్యూబిట్ల సంఖ్య చుట్టూ తిరుగుతాయి, అయితే చూడవలసింది క్యూబిట్ల సంఖ్య కాదు, తప్పు జరగకుండా ఎన్ని గేట్లు వరుసగా నడపగలం అన్నది. నేటి మంచి యంత్రాల్లో రెండు క్యూబిట్ల గేటు వెయ్యిసార్లలో ఒకసారి తప్పుతుందని అనుకోండి. వినడానికి ఇది చాలా బాగుంది. కానీ అలాంటి గేట్లు వెయ్యి వరుసగా వాడితే మొత్తం లెక్క ఏ తప్పూ లేకుండా పూర్తయ్యే సంభావ్యత 37 శాతానికి పడిపోతుంది. 5,000 వాడితే ఒక శాతం కూడా మిగలదు. పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీద నిలిచిన ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఆర్‌ఎస్‌ఏ; దాని 2,048 బిట్ల తాళాన్ని (ఆర్‌ఎస్‌ఏ-2048) షోర్ పద్ధతిలో విప్పడానికి వందల కోట్ల గేట్లు కావాలి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధమే ఈ రంగం అసలు కథ. ఐబీఎం 2023 డిసెంబరులో 1,121 క్యూబిట్ల కాండర్ చిప్‌ను, 133 క్యూబిట్ల హెరాన్ చిప్‌ను ఒకేసారి ప్రకటించింది. ఆ తర్వాత వాడుకలోకి తెచ్చి, 156 క్యూబిట్లకు పెంచి, ముందుకు తీసుకెళ్లింది చిన్నదైన హెరాన్‌నే, ఎందుకంటే దాని గేట్ల నాణ్యత మెరుగైనది. డీ-వేవ్ సంస్థ యంత్రాల్లో వేల క్యూబిట్లు ఉంటాయని మీరు విని ఉంటారు. అవి అనీలింగ్ అనే వేరే పద్ధతిలో పనిచేస్తాయి, వాటిమీద షోర్ అల్గారిథం నడవదు, కాబట్టి ఆ సంఖ్యను ఈ సంఖ్యతో పోల్చడం అర్థంలేని పని.

ఆ అగాధాన్ని దాటించేది దోష సవరణ. అనేక భౌతిక క్యూబిట్లను కలిపి ఒక లాజికల్ క్యూబిట్‌గా వాడుతూ, లోపలి సమాచారాన్ని ముట్టుకోకుండానే తప్పులను కనిపెట్టి సరిదిద్దడం ఇందులోని ఆలోచన. సిద్ధాంతం 1990లలోనే ఉంది. కానీ క్యూబిట్లు చేర్చేకొద్దీ కొత్త తప్పులూ చేరతాయి కాబట్టి, భౌతిక దోషాల రేటు ఒక హద్దు కంటే కిందికి వస్తేనే లాభం ఉంటుంది. 2024 డిసెంబరులో గూగుల్ తన 105 క్యూబిట్ల విల్లో చిప్‌తో ఈ హద్దును దాటినట్లు స్పష్టంగా చూపింది. దోష సవరణ కోడ్ పరిమాణాన్ని 3 నుంచి 5కు, 5 నుంచి 7కు పెంచినప్పుడల్లా లాజికల్ దోషం సగానికి పైగా తగ్గుతూ వచ్చింది. మా రంగంలో చాలాకాలంగా ఎదురుచూసిన ఫలితం ఇది. దీన్ని ప్రచారమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. కానీ వివరం చూడండి. 101 భౌతిక క్యూబిట్లు కలిసి చేసింది ఒకే ఒక్క లాజికల్ క్యూబిట్, అదీ సమాచారాన్ని నిలిపి ఉంచడం వరకే, దాని దోషం సవరణ ఆవృత్తికి 0.143 శాతం. పది లక్షల ఆవృత్తులకు ఒక తప్పు అనే స్థాయికి చేరాలంటే ఒక్కో లాజికల్ క్యూబిట్‌కు 1,457 భౌతిక క్యూబిట్లు అవసరమవుతాయని ఆ పరిశోధకులే లెక్కగట్టారు. పెద్ద లెక్కలకు అది కూడా చాలదు. అటువంటి లాజికల్ క్యూబిట్లు వందలు కావాలి, వాటి మధ్య గేట్లు నడవాలి, ఇదంతా పరమశూన్యానికి అతి దగ్గరగా, దాదాపు 15 మిల్లీకెల్విన్ల వద్ద ఉంచే శీతల యంత్రంలో వేల వేల తీగలతో జరగాలి.

"సూపర్ కంప్యూటర్‌కు పదివేల ఏళ్లు పట్టే లెక్కను నిమిషాల్లో చేసింది" అనే వార్తల గురించి కొంత చెప్పాలి. 2019లో గూగుల్ 53 క్యూబిట్ల సికమోర్ చిప్‌తో 200 సెకన్లలో చేసిన లెక్కకు పదివేల ఏళ్లు పడుతుందని అంది. వెంటనే ఐబీఎం రెండున్నర రోజులు చాలని వాదించింది. తర్వాతి ఏళ్లలో మామూలు కంప్యూటర్ల అల్గారిథాలు మెరుగై ఆ తేడా దాదాపు కరిగిపోయింది. 2023లో ఐబీఎం 127 క్యూబిట్లతో చేసిన ప్రయోగాన్ని కూడా కొద్ది వారాల్లోనే వేరే బృందాలు సాధారణ కంప్యూటర్లపై లెక్కించి చూపాయి. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన క్వాంటం ఎకోస్ ఫలితం వీటికంటే మెరుగైనది. ఫ్రాంటియర్ సూపర్ కంప్యూటర్ కంటే 13,000 రెట్లు వేగమని చెప్పడంతో పాటు, మరో క్వాంటం యంత్రంపై సరిచూసుకోదగిన ఫలితం కావడం దాని విలువ. ఇవన్నీ నిజమైన విజ్ఞానమే, పెద్ద విజయాలే. అయితే ఇంతవరకు ఈ పోటీలకు ఎంచుకున్న లెక్కలు యంత్రాన్ని పరీక్షించడానికి అనువుగా ఉన్నవి, ఎవరికో జవాబు అవసరమై అడిగినవి కావు. ఈ తేడాను వార్త రాసేవారు చెప్పరు, చదివేవారు అడగాలి.

నా సలహా పనిలో ఎదురైన ఒక సందర్భం చెబుతాను. సరుకు రవాణా చేసే ఒక సంస్థకు, వాహనాల దారులను క్వాంటం పద్ధతిలో నిర్ణయిస్తే ఖర్చు బాగా తగ్గుతుందని ఒక విక్రేత ప్రతిపాదన పెట్టాడు. ప్రతిపాదనలో చక్కటి గ్రాఫులు ఉన్నాయి. నేను అడిగింది ఒక్కటే: ఈ పోలిక దేనితో? ఆ సంస్థలో ఏళ్ల క్రితం ఎవరో రాసిన పాత ప్రోగ్రాంతో పోల్చారని తేలింది. అదే సమస్యను ఉచితంగా దొరికే ఓఆర్-టూల్స్ లైబ్రరీతో మామూలు ల్యాప్‌టాప్‌పై నడిపితే, ప్రతిపాదనలో చూపిన దానికంటే మెరుగైన దారులు కొద్ది నిమిషాల్లో వచ్చాయి. పైగా క్వాంటం యంత్రంలో పట్టేటట్లు వాళ్లు సమస్యను బాగా కుదించారు. డ్రైవర్ల పని గంటలు, లారీల బరువు పరిమితులు అందులో లేనేలేవు. ఆ సంస్థకు మేలు జరిగింది, కానీ మేలు చేసింది పాత ప్రోగ్రాం మార్చడం. ఆర్థిక రంగంలోనూ, యంత్రాల వినియోగ ప్రణాళికలోనూ ఇదే కథను నేను వేర్వేరు రూపాల్లో చూశాను. మెషిన్ లెర్నింగ్‌లో కూడా జాగ్రత్త అవసరం: క్వాంటం వల్ల అపారమైన వేగం వస్తుందని నమ్మిన ఒక సిఫారసు అల్గారిథానికి, దాదాపు అంతే సమర్థమైన సాధారణ అల్గారిథం ఉందని 2018లో ఈవిన్ టాంగ్ అనే పద్దెనిమిదేళ్ల విద్యార్థిని చూపింది.

మరి నిజమైన ఆశ ఎక్కడ ఉంది? నా ఉద్దేశంలో రసాయన శాస్త్రంలో, పదార్థ విజ్ఞానంలో ఉంది. ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి గట్టిగా పెనవేసుకున్న అణు నిర్మాణాలను మామూలు కంప్యూటర్లపై ఖచ్చితంగా లెక్కించడం చాలా కష్టం. ప్రకృతిని అనుకరించడానికి క్వాంటం యంత్రమే తగినదని భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ 1981లో చెప్పిన మాట ఈ విషయంలో ఇప్పటికీ చెల్లుతుంది. పప్పుధాన్యాల వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మామూలు ఉష్ణోగ్రత వద్దే అమ్మోనియాగా మారుస్తాయి. మనం అదే పనిని హేబర్-బాష్ పద్ధతిలో తీవ్రమైన వేడి, ఒత్తిడి మధ్య చేస్తున్నాం. ఆ సూక్ష్మజీవుల ఎంజైములో ఉన్న ఫెమోకో అనే ఇనుము, మాలిబ్డినం సముదాయాన్ని లెక్కించడానికి దాదాపు 40 లక్షల భౌతిక క్యూబిట్లు, నాలుగు రోజుల లోపు సమయం సరిపోతాయని 2021లో ఒక అంచనా వెలువడింది. ఆ లెక్క పూర్తయినంత మాత్రాన చవకైన ఎరువు రాదు; ఉత్ప్రేరకం ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది, ఆ తర్వాత ప్రయోగశాల పని, కర్మాగారం పని మిగిలే ఉంటాయి. "మందులు కనిపెడుతుంది" అనే మాటకు కూడా ఇదే వర్తిస్తుంది. ఒక మందు బయటికి రావడానికి పట్టే కాలంలో అధికభాగం మనుషులపై పరీక్షలదే, దాన్ని ఏ కంప్యూటరూ తగ్గించలేదు.

కాలం గురించి అడిగారు కాబట్టి నా అంచనా చెబుతాను. 2029 నాటికి 200 లాజికల్ క్యూబిట్లతో పది కోట్ల గేట్లు నడిపే స్టార్లింగ్ అనే యంత్రాన్ని తెస్తామని ఐబీఎం ప్రకటించింది. అది అనుకున్న సమయానికే వచ్చినా ఆర్‌ఎస్‌ఏ-2048ను విప్పడానికి చాలదు, కానీ కొన్ని భౌతికశాస్త్ర, రసాయన లెక్కలకు గట్టి సాధనం అవుతుంది. శాస్త్రవేత్తలు కాక మరొకరు డబ్బు పెట్టి అడిగే ఉపయోగకరమైన లెక్క 2030ల మొదటి సగంలో రావచ్చని నేను అనుకుంటున్నాను. అది మరో ఐదేళ్లు వెనక్కి జరిగినా నాకు ఆశ్చర్యం ఉండదు.

ఇప్పుడు ఎన్‌క్రిప్షన్. మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి మీకు నిజంగా పని ఉన్న భాగం ఇదే, అందుకే దీన్ని నింపాదిగా చదవమని కోరుతున్నాను. ఆర్‌ఎస్‌ఏ-2048ను విప్పడానికి 2 కోట్ల భౌతిక క్యూబిట్లు, 8 గంటలు కావాలని 2019లో గిడ్నీ, ఎకెరా అనే పరిశోధకులు అంచనా వేశారు. అదే గిడ్నీ 2025 మేలో, పది లక్షల కంటే తక్కువ క్యూబిట్లతో వారం లోపు సాధ్యమని కొత్త అంచనా ప్రచురించాడు. ఈ ఆరేళ్లలో అవసరాన్ని ఇరవయ్యో వంతుకు తగ్గించినది కొత్త యంత్రం కాదు, మెరుగైన గణితం. ఇటువంటి తగ్గుదల ముందే ఊహించలేం, అందువల్ల "ఇంకా చాలా కాలం ఉంది" అనే నిశ్చింత మంచిది కాదు. దానికి తోడు, ఈరోజు గుప్తంగా వెళ్తున్న సమాచారాన్ని ఇప్పుడే పట్టి దాచుకొని, యంత్రం వచ్చాక విప్పడం సాధ్యమే. మీ సమాచారం ఎన్నేళ్లు రహస్యంగా ఉండాలో, మార్పు పూర్తి చేయడానికి ఎన్నేళ్లు పడుతుందో కూడండి; ఆ మొత్తం యంత్రం రావడానికి పట్టే కాలం కంటే ఎక్కువైతే మీరు ఇప్పటికే ఆలస్యం చేసినట్లు. పది నిమిషాల్లో చెల్లిపోయే ఓటీపీకి ఈ ప్రమాదం లేదు. ఆరోగ్య రికార్డులకు, బయోమెట్రిక్ వివరాలకు, పదిహేనేళ్లు వాడే యంత్రాల ఫర్మ్‌వేర్ సంతకాలకు ఉంది.

మంచి సంగతి ఏమిటంటే పరిష్కారానికి క్వాంటం యంత్రం అక్కరలేదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2024 ఆగస్టులో క్వాంటం యంత్రానికి కూడా లొంగకుండా రూపొందించిన ఎంఎల్-కెమ్ (తాళంచెవి పంచుకోవడానికి), ఎంఎల్-డీఎస్ఏ, ఎస్ఎల్‌హెచ్-డీఎస్ఏ (రెండూ డిజిటల్ సంతకాలకు) అనే మూడు కొత్త ప్రమాణాలను విడుదల చేసింది. అవి మామూలు కంప్యూటర్లపైనే నడుస్తాయి. 2030 తర్వాత ఆర్‌ఎస్‌ఏ-2048 వాడకాన్ని నిరుత్సాహపరచి, 2035 తర్వాత పూర్తిగా నిలిపివేయాలని ఆ సంస్థ ముసాయిదా చెబుతోంది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.5లోనూ జావా 24లోనూ కొత్త అల్గారిథాలు చేరాయి. ఏఈఎస్-256 వంటి సిమెట్రిక్ పద్ధతులను (రెండు వైపులా ఒకే తాళంచెవి వాడేవి) మార్చనవసరం లేదు. ఆచరణలో వచ్చే ఇబ్బంది ఎక్కువగా పరిమాణంతోనే ఉంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఎక్స్25519 పద్ధతి పబ్లిక్ కీ 32 బైట్లు ఉండగా ఎంఎల్-కెమ్-768 కీ 1,184 బైట్లు. నేను పనిచేసిన ఒక చోట దీన్ని పరీక్షకు పెట్టగానే కొన్ని కనెక్షన్లు కారణం లేకుండా తెగిపోసాగాయి. వెతికితే తేలింది ఏమిటంటే, కీ పెద్దదవడం వల్ల సురక్షిత కనెక్షన్‌ను మొదలుపెట్టే మొదటి టీఎల్ఎస్ సందేశం ఒక ప్యాకెట్‌లో పట్టక రెండుగా వెళ్తోంది, మధ్యలో ఉన్న పాత ఫైర్‌వాల్ పరికరం రెండో ప్యాకెట్ కోసం ఆగకుండా మొదటిదాన్నే తప్పుడు సందేశమని పారేస్తోంది. సర్వర్‌లో ఒక లైను మారిస్తే అయిపోతుందని అనుకున్న పని పరికరాల కొనుగోలు దాకా వెళ్లింది. మీ సంస్థలో ఏ సర్వీసు ఏ అల్గారిథం వాడుతోంది, ఏ సర్టిఫికెట్ ఎక్కడ ఉంది అనే జాబితా లేకపోతే, దాన్ని తయారుచేయడం ఈ సంవత్సరమే మొదలుపెట్టండి.

అమరావతి సంగతి. ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ టూ అనే ఐబీఎం క్వాంటం యంత్రాన్ని నెలకొల్పుతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఆమోదించిన 6,003.65 కోట్ల రూపాయల జాతీయ క్వాంటం మిషన్ లక్ష్యం కూడా ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 భౌతిక క్యూబిట్ల యంత్రాలు తయారుచేయడం. ఈ ప్రయత్నాలు నాకు సంతోషం కలిగిస్తున్నాయి, ఎందుకంటే ఈ రంగానికి మనుషుల కొరత ఉంది, యంత్రం దగ్గరలో ఉంటే విద్యార్థులు, అధ్యాపకులు దానితో నేర్చుకుంటారు. కానీ 156 అన్నది భౌతిక క్యూబిట్ల సంఖ్య, దోష సవరణ జరిగిన లాజికల్ క్యూబిట్లు కావు. ఆ తరం యంత్రాలపై నడపగలిగేది ఐబీఎం చెప్పినట్లు 5,000 గేట్ల స్థాయి సర్క్యూట్లు; పైన చూసిన సంభావ్యత కారణంగా, ఒకే లెక్కను ఎన్నోసార్లు నడిపి, గణాంక పద్ధతులతో దోషాన్ని తగ్గించుకొని, సగటు విలువలు మాత్రమే తీసుకుంటారు. దాన్ని పరిశోధనకు, శిక్షణకు ఉపయోగపడే యంత్రంగా చూస్తే దాని విలువ సరిగ్గా అర్థమవుతుంది. రాష్ట్రంలోని వ్యవసాయ, వైద్య సమస్యలను అది వచ్చీరాగానే పరిష్కరిస్తుందని చెప్పడం ఆ యంత్రానికీ, దానిమీద పనిచేయబోయే పిల్లలకూ అన్యాయం.

ఉద్యోగం విషయంలో, ఈ రంగంలో ఇప్పుడున్న ఖాళీలు ఎక్కువగా భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవారికి, మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్, అతిశీతల పరికరాలు తెలిసినవారికి, కంపైలర్లు, కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాయగలవారికి ఉన్నాయి. మీ పదేళ్ల అనుభవం చివరి రెండింటికి దగ్గర, అది వృథా కాదు. "ఆరు నెలల్లో క్వాంటం ఇంజినీర్" అని పెద్ద ఫీజు అడిగే కోర్సులకు డబ్బు కట్టకండి. లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా మళ్లీ చదవండి, క్వాంటం ప్రోగ్రాంలు రాయడానికి ఐబీఎం తెచ్చిన కిస్కిట్ ఉచితంగా దొరుకుతుంది, ఐబీఎం ఉచిత ఖాతాలో నెలకు పది నిమిషాల అసలు యంత్ర సమయం ఇస్తారు. మొదటి అభ్యాసంగా ఇది చేయండి: రెండు క్యూబిట్లను పెనవేసి, అన్నీ సున్నాలు లేదా అన్నీ ఒకట్లు మాత్రమే రావలసిన స్థితిని తయారుచేసి వెయ్యిసార్లు కొలవండి, తర్వాత అదే స్థితిని ఐదు, పది, ఇరవై క్యూబిట్లతో చేయండి. ప్రతిసారీ సిమ్యులేటర్‌పై వచ్చిన ఫలితాన్ని యంత్రంపై వచ్చిన ఫలితం పక్కన పెట్టి, రాకూడని జవాబులు ఎంత శాతం పెరుగుతున్నాయో గ్రాఫు గీయండి. ఆ గ్రాఫును ఇక్కడ పెడితే, మీకు ఏ దిశ అనువైనదో మరింత వివరంగా చెప్పగలను.